గేరు పడని రోజులు

ఆ కారు ఏ కంపెనీదో చెప్పను. తయారు చేసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు, ఉన్నదంతా వయసు తప్పే. నాన్న చేతికి వచ్చేసరికే అది ఎంతమంది చేతులు మారిందో ఎవరికీ సరిగ్గా తెలీదు. ముందు ఒకటే పొడుగాటి సీటు, స్టీరింగ్ పక్కన గేర్ లివర్, ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి. ఒకటో గేరుకి సింక్రో లేదు, అంటే గేరు పడేముందు లోపలి పళ్ల వేగాలు కలిపి చప్పుడు రాకుండా చేసే ఏర్పాటు లేదు. రివర్సుకి ఎలాగూ ఉండదు. రెండుకీ మూడుకీ ఉందని కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉండేది, అంతే.

స్టీరింగ్ కింద గేరు పెట్టడం 1930ల చివర్లో అమెరికా కార్లలో జోరందుకున్న పద్ధతి. నేల మీద లివర్ లేకపోతే ముందు సీట్లో ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. మా ఇంట్లో ఆ మూడో మనిషిని నేను. అమ్మకీ నాన్నకీ మధ్య ఇరుక్కుని, ఆ లివర్ పైకీ కిందకీ కదలడం ముక్కు ముందే చూస్తూ పెరిగాను. సౌకర్యం బాగానే ఉంది కానీ, దానివల్ల చేతికీ గేర్ బాక్సుకీ మధ్య దూరం పెరిగింది. ఆ దూరమంతా కడ్డీలు, చిన్న లివర్లు, పిన్నులు, వాటి చుట్టూ తొడిగే బుష్షులు. అన్నీ కలిపి లింకేజీ అంటారు. ఒక్కోటి వెంట్రుకవాసి అరిగితే చాలు, అన్నీ కలిసి చేతి దగ్గరికి వచ్చేసరికి అంగుళం అవుతుంది. ఈ లెక్క నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో తెలిసిందల్లా బాక్సు గరగరమనడం, నాన్న పళ్లు కొరకడం.

ఒక రకంగా సతాయించేది కాదు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడటానికి మొరాయించేది. బాగా వేడెక్కాక రివర్సు వేస్తే ఆ చప్పుడుకి ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూసేవాళ్లు. వాలులో దిగుతూ ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే రెండో గేరు టక్కున ఊడి న్యూట్రల్లోకి వచ్చేసేది. వీటన్నిటినీ మించినది ఇంకోటి: ఒకటి నుంచి రెండుకి మారుస్తుండగా లివర్ మధ్యలో బిగుసుకుపోవడం. అటు పోదు, ఇటు రాదు. వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతుంటే నాన్న ఇంజన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తి, స్టీరింగ్ గొట్టం అడుగున ఉన్న రెండు చిన్న లివర్లలో ఒకదాన్ని చేత్తో తోసేవారు. టిక్కుమని వదిలేది. చేతికంటిన జిడ్డు గుడ్డకి తుడుచుకుని, ఏమీ జరగనట్టే మళ్లీ ఎక్కి కూర్చునేవారు.

చూసిన మెకానిక్కులందరి తీర్పూ ఒకటే. బాక్సు పోయింది, దింపాలి. లోపలి సామాను దొరకదు, దొరికినా సెట్టవదు, ఇంకో బాక్సు చూసుకోండి. నాన్న దాదాపు ఒప్పేసుకున్నారు కూడా. బాబాయ్ అడ్డుపడ్డాడు.

బాబాయ్ అంటే నాన్నకి సొంత తమ్ముడు. చాలాకాలం లారీలు నడిపి, తర్వాత లారీలే బాగుచేసుకుంటూ బతికినవాడు. సింక్రో అన్న ఊసే లేని బాక్సుల మీద చెయ్యి తిరిగింది కాబట్టి మా కారు చేసే గోల ఆయనకి పెద్ద గోలగా అనిపించలేదు.

"ఏరా, అందరూ బాక్సే అంటున్నారు. నువ్వేమంటావ్?" అని నాన్న అడిగితే, "బాక్సు ఎక్కడికీ పారిపోదన్నయ్యా. దాన్ని చివర్న చూద్దాం" అన్నాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో పని మొదలైంది. పనంటే సెలవురోజుల పని. నేను పానాలు అందించడానికీ, పెడల్ తొక్కడానికీ.

ఆయన మొదట చేయించిన పని చాలా చిన్నది. "ఇంజన్ ఆపి గేర్లన్నీ ఒక్కోటీ వెయ్యరా" అన్నాడు. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, మళ్లీ అవే వెయ్యమన్నాడు. ఇంజన్ ఆపినప్పుడు అన్నీ సాఫీగా పడి, నడుస్తున్నప్పుడే పేచీ పెడితే అనుమానం క్లచ్ మీదికి పోతుంది. ఇంజన్ ఆగి ఉన్నా లివర్ బిగుతుగా ఉంటే లింకేజీలోనో, బాక్సు లోపలో ఏదో ఉంది. అందులోనూ ఒక మెలిక ఉంది. ఒక్కోసారి లోపల పంటికి పన్ను ఎదురై గేరు పడదు. అప్పుడు కంగారుపడకుండా బండిని చెయ్యేసి కాస్త ముందుకి కదిపి మళ్లీ వెయ్యాలి. ఇది తెలియక బాగున్న బాక్సులు విప్పినవాళ్లని చూశానన్నాడు.

మా కారుకి రెండు జబ్బులూ ఉన్నట్టు తేలింది. ఇంజన్ ఆపినా లివర్ తిన్నగా పోదు. ఇంజన్ నడుస్తుంటే రివర్సు అసలే పడదు.

ముందు లింకేజీ పట్టుకున్నాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, తను బానెట్ లోపలికి వంగి, ఒక వేలు పై కడ్డీ మీద, ఇంకో వేలు కింది లివర్ మీద పెట్టాడు. "మెల్లగా కదుపు. ఇంకా... ఆగు. నీ చెయ్యి ఎంత కదిలింది?" బెత్తెడు కదిలింది బాబాయ్ అన్నాను. "ఇక్కడ ఇప్పుడే నిద్రలేచిందిరా" అన్నాడు. నన్ను దిగి రమ్మని, తన చోట నిలబెట్టి, తను వెళ్లి లివర్ కదిపాడు. నేను చూస్తుండగానే కడ్డీ చివర పిన్ను తన రంధ్రంలో అటునుంచి ఇటు నడిచింది, ఆ తర్వాత గానీ కింది లివర్ కదల్లేదు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. పిన్ను తీసి చూస్తే మధ్యలో నడుం సన్నగా అరిగి ఉంది. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు బుష్షు నల్లటి పొడిగా రాలి నా అరచేతిలో పడింది. గోటితో నలిపితే మెత్తగా నలిగింది.

దారిలో లివర్ బిగుసుకుపోయే జబ్బు ఇక్కడిదే. స్టీరింగ్ అడుగున రెండు లివర్లలో ఒకటి ఒకటో గేరుకీ రివర్సుకీ, రెండోది మిగతా రెండిటికీ. ఒకదాన్ని పూర్తిగా న్యూట్రల్లోకి తెచ్చాకే రెండోదాన్ని పట్టుకోవాలి. బుష్షులు అరిగిపోతే మొదటిది న్యూట్రల్‌కి కొంచెం ఇవతలే ఆగిపోతుంది, ఈలోగా మన చెయ్యి రెండోదాన్ని లాగుతుంది. రెండు గేర్లు ఒకేసారి పడకుండా బాక్సులో ఒక అడ్డు ఉంటుంది, అది తన పని తాను చేసి రెండిటినీ పట్టేస్తుంది. మనం బాక్సు చెడిపోయిందని తిట్టుకుంటాం. నిజానికి ఆ క్షణంలో సక్రమంగా పనిచేస్తున్నది అదొక్కటే.

ఇత్తడి బుష్షులు లేత్ మీద తిప్పించాడు, పిన్నులు కొత్తవి చేయించాడు, రంధ్రాలు సరిచేసి బిగించాడు. తర్వాత సర్దుబాటు. మా బండికి ఆ రెండు లివర్లలోనూ ఒక్కో రంధ్రం ఉండేది. రెండూ న్యూట్రల్లో ఉన్నప్పుడు ఒక డ్రిల్ బిట్ రెండిట్లోంచీ బలవంతం లేకుండా దూరాలి. అలా దూరేదాకా కడ్డీల పొడవు నట్లతో కొంచెం కొంచెం మార్చాలి. ఆ బిట్ దూరిన రోజు నాన్న లివర్ పట్టుకుని కదిపి చూసి, "ఇది మన కారేనా?" అన్నారు.

అప్పటికీ బాబాయ్ ముఖంలో తృప్తి లేదు. నాన్నని బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో ఉంచి, క్లచ్ సగం వదులుతూ కాస్త ఎక్సలేటర్ ఇవ్వమన్నాడు. మమ్మల్ని బండి ముందు నుంచి పక్కకి జరగమన్నాడు. బానెట్ కింద ఇంజన్ ఒక పక్కకి లేచి, ధబ్బున దిగింది. ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు నూనెకి నాని ఇనుము నుంచి విడిపోయింది. స్టీరింగ్ గొట్టం బాడీకి కట్టి ఉంటుంది, గేర్ బాక్సు ఇంజన్‌తోపాటు ఊగుతుంది. ఇంజన్ లేచిన ప్రతిసారీ మధ్యలో కడ్డీలు గేరుని తమంతట తామే లాగేస్తాయి. ఎంత చక్కగా సర్దిన లింకేజీ అయినా మౌంటింగు బాగోకపోతే వారం నిలవదు. పాత కారు గేర్ల గురించి ఎవరైనా అడిగితే నేను మౌంటింగుల సంగతి ముందే చెప్తాను. ఎందుకంటే దాన్ని ఎవరూ గేరుతో ముడిపెట్టి చూడరు.

ఇక క్లచ్.

రివర్సు గోలకి ఆయన పెట్టిన పరీక్ష కూడా అంతే సులువైనది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండాలి. క్లచ్ అడుగుదాకా తొక్కి, అలాగే పట్టుకుని, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు రివర్సు వెయ్యాలి. క్లచ్ శుభ్రంగా వదిలితే ఈలోగా బాక్సు లోపల తిరిగే గేర్లు ఆగిపోతాయి, రివర్సు చప్పుడు లేకుండా పడుతుంది. ఆగినా గరగరమంటే క్లచ్ ప్లేటు ఇంకా ఇంజన్‌ని వదల్లేదని అర్థం. సింక్రో ఉన్న గేర్లు ఆ లోపాన్ని కొంత కప్పిపుచ్చుతాయి. రివర్సు దేన్నీ దాచదు, అందుకే పరీక్షకి అదే మంచిది.

మాది ఆగినా అరిచింది. వెంటనే బండి కింద దూరుతాడనుకుంటే, బాబాయ్ డ్రైవర్ సీటు కిందికి వంగి కాలి దగ్గరి చాప తీసి బయట పడేశాడు. నాన్న ముచ్చటపడి వేయించుకున్న మందపాటి చాప అది. పెడల్ కిందికి వెళ్లాల్సిన చివరి అరంగుళం దాని మందానికే పోతోంది. నాన్న ఏమీ అనలేదు. చాప మళ్లీ కారెక్కలేదు.

చాప తీస్తే కొంత నయమైంది, పూర్తిగా కాదు. మా బండి క్లచ్ ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది: పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ ఫ్లూయిడ్‌ని తోస్తే, కింద స్లేవ్ సిలిండర్ క్లచ్‌ని కదుపుతుంది. పెడల్ చివర మాస్టర్ సిలిండర్ కడ్డీని పట్టుకునే పిన్ను సగం అరిగిపోయి ఉంది. పెడల్ దగ్గర అరిగిన ప్రతి పిసరూ కింద క్లచ్ దగ్గర లోటే. అది మార్చాక బండి కింద స్లేవ్ సిలిండర్ వంతు వచ్చింది. దాని కడ్డీ మీద సుద్దతో గీత గీసి, నన్ను పెడల్ తొక్కమని, ఎంత జరిగిందో స్కేలుతో కొలిచాడు. మా బండికి అర అంగుళం దాకా జరగాలట. అందులో సగం కూడా రావడం లేదు. రెండు మూడుసార్లు గబగబా పంపు కొట్టి చూడమన్నాడు. జరగడం పెరిగింది. "గాలిరా, లైన్లో గాలి ఉంది" అన్నాడు. తర్వాత స్లేవ్ సిలిండర్ చివరి రబ్బరు తొడుగు వేలితో పైకి లేపి చూపించాడు. లోపలంతా తడి. బయటికి ఒక్క చుక్క కారలేదు, నేల మీద మరక లేదు, కానీ లోపలి రబ్బరు వాషర్ పోయి ఫ్లూయిడ్ ఆ తొడుగులో చేరుతోంది. కారే దారి ఉంటే గాలి దూరే దారీ ఉంటుంది.

రిపేర్ కిట్టు తెచ్చి వాషర్లు మార్చాడు. పాత ఫ్లూయిడ్ గోధుమరంగులో, అడుగున మడ్డితో వచ్చింది. క్లచ్‌కీ వాడే ఈ బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోంచి తేమని పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే సిలిండర్ లోపల తుప్పు మొదలవుతుంది. అందులో పొరపాటున కూడా ఇంజన్ ఆయిల్ పొయ్యకూడదు, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఆ పొయ్యడం ఎవరో ఒకరి బండికి చేసే ఉంటారు, లేకపోతే ఆయన అంత కోపంగా చెప్పడు.

గాలి తియ్యడం నాకు బాగా గుర్తు. బండి కింద ఆయన, పైన నేను. ఒక గొట్టం చివర సీసాలో ముంచి ఉంది. "తొక్కు." తొక్కాను. "పట్టుకో. వదలకు." గాలి బయటికి వదిలే నిప్పిల్ ఆయన వదులు చెయ్యగానే కాలి కింద పెడల్ మెత్తగా కుంగేది, సీసాలో బుడగలు బుడబుడమనేవి. "బిగించాను. ఇప్పుడు వదులు." మధ్యలో మాస్టర్ సిలిండర్ డబ్బా ఖాళీ కాకుండా నాన్న కాపలా. అది ఖాళీ అయితే మళ్లీ గాలి దూరి పని మొదటికొస్తుంది. బుడగలు ఆగాక పెడల్‌కి బిగువొచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేసి రివర్సు వేస్తే, నాన్న అలవాటు కొద్దీ మొహం ముడుచుకున్నారు. చప్పుడు రాలేదు.

అన్ని బళ్లూ ఇంత తేలిగ్గా లొంగవు. మా బంధువుల కారు ఒకటి వానాకాలమంతా కదలకుండా నిలబెడితే క్లచ్ ప్లేటు ఇంజన్ చివరి చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి, తుప్పుతో అతుక్కుపోయింది. సిలిండర్లన్నీ బాగున్నాయి, పెడల్ బాగుంది, ప్లేటు మాత్రం వదలదు. పెడల్‌ని అడుగుదాకా నొక్కి కర్ర ఊతం పెట్టి రాత్రంతా ఉంచితే దానంతటదే వదిలింది. అప్పటినుంచి బండిని ఎక్కువకాలం పడుకోబెట్టేటప్పుడు ముందే అలా కర్ర పెట్టడం వాళ్లింట్లో రివాజు. ఇంకో బండికి ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బుష్షు ఎండిపోయి, క్లచ్ తొక్కినా గేర్ బాక్సు షాఫ్టుని తనతో పాటు తిప్పేది. లక్షణాలన్నీ క్లచ్ వదలనట్టే ఉంటాయి. దానికి మాత్రం బాక్సు దింపక తప్పలేదు.

బాక్సు ఆయిల్ సంగతి వేరే కథ. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయిస్తోందంటే బాబాయ్‌కి ఆయిల్ మీదే అనుమానం. తియ్యడానికి ముందు పక్కనున్న నింపే ప్లగ్గు వదులు చేశాడు, ఆ తర్వాతే అడుగు ప్లగ్గు ముట్టుకున్నాడు. ఆయిల్ అంతా వదిలేశాక పై ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది కదా. పళ్లెంలోకి దిగిన ఆయిల్ చిక్కగా, ఘాటు వాసనతో ఉంది. ఖరీదైనది మంచిదని ఎవరో వెనక యాక్సిల్లోని డిఫరెన్షియల్‌కి పోసే రకం పోసినట్టున్నారు. ఆ డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది. రెండోది వెనక యాక్సిల్లో ఒరిపిడి ఎక్కువగా ఉండే గేర్ల కోసం. అందులో కలిపే గంధకం రకం మందులు ఇత్తడి, కంచు లాంటి లోహాన్ని మెల్లగా తినేసే రకాలున్నాయి. పాత బాక్సుల సింక్రో రింగులు ఆ లోహంతోనే చేస్తారు. పైగా సింక్రో పనే ఒరుసుకుని పట్టుకోవడం. ఆయిల్ మరీ జారుడుగా ఉన్నా అది పట్టుకోలేదు. కొన్ని పాత బ్రిటిష్ కార్ల బాక్సుల్లో అయితే కంపెనీయే ఇంజన్ ఆయిల్ పొయ్యమని రాసింది. అందుకే పెద్ద నంబరు చూసి కొనకుండా పుస్తకంలో ఏముందో అదే పొయ్యాలి. మట్టం ప్లగ్గు రంధ్రం అంచుదాకా, బండి సమంగా నిలబడి ఉండగా. ఎక్కువ పోస్తే సీలు దాటి క్లచ్ మీదికి పోతుంది, అప్పుడింకో గొడవ.

ఆ పళ్లెం ఎండలోకి తీసుకెళ్లి వంచి చూపించాడు. నల్లటి నూనెలో సన్నటి పసుపు మెరుపు తిరుగుతోంది. "అది సింక్రో రింగురా. అరిగి ఇందులో కలిసింది." అడుగు ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుంది. వేళ్ల మధ్య రుద్ది, మెత్తగా ఉంది కాబట్టి పర్లేదన్నాడు. పెళ్లలు, ముక్కలు తగిలితే అప్పుడు భయపడాలట.

మరి సింక్రో సగం పోయిన కారుని ఇన్నాళ్లూ అమ్మ ఎలా నడిపింది? ఇది నన్ను చాలాకాలం ఆశ్చర్యపెట్టింది. నాన్న చేతిలో అరిచే రెండో గేరు అమ్మ చేతిలో నోరెత్తేది కాదు. బాబాయ్ ఒకసారి పక్కన కూర్చుని గమనించి, "వదినని చూసి నేర్చుకోరా, డబుల్ క్లచ్ ఎవరూ చెప్పకుండానే చేస్తోంది" అన్నాడు. అమ్మకి ఆ పేరు తెలీదు. తొక్కి న్యూట్రల్‌కి తెస్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది, క్లచ్ వదిలి మళ్లీ తొక్కి గేరు వేస్తుంది. పై గేరుకి వెళ్లేటప్పుడు ఆ ఆగడంలో లోపలి గేర్లు నెమ్మదిస్తాయి. కింది గేరుకి దిగేటప్పుడు న్యూట్రల్లో, క్లచ్ వదిలి ఉన్నప్పుడు, ఎక్సలేటర్ కొంచెం తడితే అవి వేగం అందుకుంటాయి. రెండు పళ్ల వరసలూ ఒకే వేగంతో కలిస్తే చప్పుడెందుకొస్తుంది? 1928లో కాడిలాక్ సింక్రోమెష్ తెచ్చేదాకా లోకంలో చాలామంది డ్రైవర్లు కాళ్లతో, చెవులతో ఈ పనే చేశారు. ఆ తర్వాత కూడా ఒకటో గేరుకి సింక్రో ఇవ్వడానికి చాలా కంపెనీలు ఏళ్లూపూళ్లూ తీసుకున్నాయి. పేరున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకే 1967 దాకా రాలేదు.

ఇంకో కిటుకు కూడా అమ్మ దగ్గరే చూశాను. ఆగి ఉన్నప్పుడు రివర్సు వెయ్యాలంటే ముందు లివర్‌ని రెండో గేరు వైపు ఒకసారి తాకించేది. రెండోదానికున్న ఆ కాస్త సింక్రో లోపల తిరుగుతున్న గేర్లకి బ్రేకు వేసేస్తుంది, రివర్సు మెత్తగా పడుతుంది. నాన్నకి ఈ మాట చెప్తే, "నాకు తెలుసు" అన్నారు. చేసింది మాత్రం చూడలేదు.

డబుల్ క్లచ్ చేస్తే గేరు సాఫీగా పడి, మామూలుగా వేస్తే గీసుకుంటే ఆ గేరు సింక్రో అరిగినట్టే లెక్క. క్లచ్ లోపమైతే ఒక్క గేరుతో ఆగదు, అన్నిట్లోనూ ఎంతో కొంత కనిపిస్తుంది. ఈ తేడా పట్టుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. చప్పుళ్లకీ ఇలాగే ఒక దారి ఉంది. న్యూట్రల్లో కాలు తీసి ఉన్నప్పుడు వచ్చే మూలుగు క్లచ్ తొక్కగానే ఆగిపోతే బాక్సు ముందు బేరింగ్ సంగతి చూడాలి. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ని తోసే రిలీజ్ బేరింగ్.

ఇన్ని చేశాక కూడా ఒకటి మిగిలిపోయింది. వాలులో రెండో గేరు ఊడిపోవడం. లింకేజీ గేరుని లోపలిదాకా తోస్తోంది, మౌంటింగులు కొత్తవి, అయినా ఊడుతోంది. బాబాయ్ బాక్సు దింపకుండానే పక్క మూత విప్పాడు. గేరుని పట్టి ఉంచే ఉక్కు గుండు, దాని వెనక స్ప్రింగు ఆ మూతలోనే ఉంటాయి. వదిలితే ఎగిరి ఎక్కడ పడతాయో తెలీదని పాతగుడ్డ కప్పి మరీ తీశాడు. ఒక స్ప్రింగు రెండోదానికన్నా పొట్టిగా కనిపించింది. మార్చి చూశాడు. ఊడటం తగ్గింది, ఆగలేదు. అప్పుడు నాన్న వైపు చూసి, "ఇప్పుడు దింపుదాం అన్నయ్యా" అన్నాడు.

దింపడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బరువు, మట్టి, మోచేతుల దగ్గర గీరుకుపోవడం. అసలు విద్య విప్పడంలో ఉంది. బాక్సు అడుగున లేషాఫ్టు అనే ఇరుసు ఉంటుంది, దాని గేర్ల సముదాయం లోపల రెండు చివర్లా సూదుల్లాంటి సన్నటి రోలర్లు వరసగా పేర్చి ఉంటాయి. షాఫ్టుని ఊరికే లాగేస్తే అవన్నీ బాక్సు అడుగున జలజల రాలిపోతాయి. బాబాయ్ ముందే ఒక గట్టి కర్రని షాఫ్టు లావుకి చెక్కి, గాజుముక్కతో గీకి నునుపు చేసి, పొడవు గేర్ల సముదాయానికి సరిపోయేలా కోసి ఉంచాడు. షాఫ్టుని ఒక పక్కనుంచి తోస్తూ, దాని వెనకాలే ఈ కర్రని దూర్చాడు. షాఫ్టు బయటికొచ్చేసరికి దాని స్థానంలో కర్ర ఉంది, రోలర్లు ఒక్కటీ కదల్లేదు. తర్వాత అన్నీ తీసి, కిరసనాయిల్లో కడిగి, తెల్లగుడ్డ మీద వరసపెట్టి నాతో లెక్కపెట్టించాడు. ఎక్కించేటప్పుడు ఒక్కోదాన్నీ గ్రీజులో అద్ది గోడకి అంటించడం నా పని. చివరి రోలర్ ఎప్పుడూ చోటు లేనట్టే ఉంటుంది. చిటికెనవేలితో మిగతావాటిని కాస్త పక్కకి నెడితే దూరుతుంది.

గేరు ఊడటానికి కారణం మూడు చోట్ల పంచుకుని ఉంది. గేరుని తోసే ఫోర్కు చివర్లు అరిగాయి. గేరుని షాఫ్టుకి కలిపే స్లీవ్ లోపలి పళ్ల మూలలు గుండ్రమయ్యాయి. పక్క వాషర్లు అరిగి గేరు ముందుకీ వెనక్కీ జరుగుతోంది. సింక్రో రింగుని దాని కోను మీద వేలితో నొక్కి, మధ్య సందులో ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి బ్లేడ్లు, దూర్చి చూశాడు. పల్చటి బ్లేడు కూడా పోలేదు. రింగు పూర్తిగా లోపలికెళ్లి కూర్చుంటోంది. లోపలి వైపు ఆయిల్ పొరని కోసి పట్టు ఇచ్చే సన్నటి గాడులు ఉండాలి, అక్కడ అద్దంలా నునుపు తేలింది.

ఫోర్కు, స్లీవ్, వాషర్లు పాత బాక్సు ఒకదానిలోంచి మంచివి దొరికాయి. రింగు మాత్రం దొరకలేదు. ఆ బాక్సులోది మాదానికన్నా కొంచెం నయం, అంతే. అదే వేశాం. గేరు ఊడటం పూర్తిగా పోయింది. రెండోదాన్ని తొందరపెడితే కాస్త గీసుకోవడం ఉండిపోయింది, దానికి నాన్న కూడా చివరికి అమ్మ పద్ధతికే వచ్చారు. ఒప్పుకోలేదు, వచ్చారు.

చాలా ఏళ్లకి, బాబాయ్ పోయాక, ఆ కారు అమ్మేశాం. కొన్నాయన కొన్నాళ్లకి ఫోన్ చేశాడు. "అన్నింటికీ గరగరమంటోందండీ, రివర్సయితే మరీను. బాక్సు దింపాలంటున్నారు, ఏం చెయ్యమంటారు?" ఇంజన్ ఆపితే పడుతున్నాయా అని అడిగాను. పడుతున్నాయన్నాడు. పెడల్ రెండు మూడుసార్లు గబగబా కొడితే? కొంచెం నయమేనన్నాడు. అయితే బాక్సు జోలికి పోకండి, కింద స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు లేపి లోపల తడి ఉందేమో చూడండి అని చెప్పాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ చేశాడు. తడిగానే ఉందట. కిట్టు వేయించి, గాలి తీయిస్తే సరిపోయింది. రెండో గేరు మాత్రం కొంచెం ఆగి వెయ్యాల్సి వస్తోంది, అది కూడా పోతుందా అని అడిగాడు. పోదండీ, అది అంతే అన్నాను.